పేరోల్ ట్యాక్స్ వాయిదా: మా ఓనరు మమ్మల్ని ఒక్క మాట అడగొద్దా?

హ్యూస్టన్_రమణ (2020 సెప్టెంబర్)
ఇక్కడ అమెరికాలో సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ పన్ను) కింద మన జీతంలో కట్ చేసే 6.2 శాతం సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఓనర్లు కట్ చేయకుండా ఆపొచ్చని ప్రెసిడెంట్ ట్రంప్ ఆగస్టు 8న మెమో ఇచ్చారు కదా. రెండు వారాల జీతం 4,000 డాలర్ల లోపు ఉంటే చాలు. నాది 1,600. చెక్కుకి 99 డాలర్ల 20 సెంట్లు ఎక్కువ రావాలి. మా ఓనరు ‘మనం చేయట్లేదు’ అని ఒక మెయిల్ పడేసి ఊరుకున్నాడు. ఇదేం న్యాయం?

బంకు_బాబాయ్
అది మాఫీ కాదండీ, వాయిదా. జనవరి నుంచి ఏప్రిల్ 30 లోపు మళ్లీ మీ జీతంలోంచే పట్టి కట్టాలి. అంటే ఆ నాలుగు నెలలూ 6.2 కాస్తా 12.4. నా గ్యాస్ స్టేషన్‌లో తొమ్మిది మంది పనిచేస్తారు. నవంబర్‌లో మానేసినవాణ్ణి జనవరిలో ఎక్కడ వెతకను? ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) వాణ్ణి అడగదు, నన్ను అడుగుతుంది. మే 1 నుంచి వడ్డీ, పెనాల్టీ కూడా నా నెత్తినే.

హ్యూస్టన్_రమణ
మాఫీ అని నేనెక్కడన్నాను? చూపించండి.

బంకు_బాబాయ్
‘ఎక్కువ రావాలి’ అన్నారుగా.

హ్యూస్టన్_రమణ
చేతికి రావాలి అన్నాను. తెలుగే కదా!

పేరోల్_పద్మ
మీ వ్యాకరణం తర్వాత చూసుకోండి. ఐఆర్‌ఎస్ నోటీసు వచ్చింది ఆగస్టు 28, శుక్రవారం. అమలు మంగళవారం నుంచి. ఈలోపు సాఫ్ట్‌వేర్ ఎవరు మారుస్తారు? పైగా 4,000 హద్దు ఏ చెక్కుకి ఆ చెక్కే. మా క్లయింట్ దగ్గర ఒక నర్సుకి మామూలుగా 3,700 వస్తుంది. ఓవర్‌టైం చేస్తే 4,050. ఆ చెక్కులో మొత్తం పట్టాలి, తర్వాతి చెక్కులో ఆపాలి. ఇలా మనిషి మనిషికీ లెక్క రాసుకోవాలి. నేనైతే మా క్లయింట్లందరికీ వద్దనే చెప్పాను.

ఓపీటీ_కుర్రాడు
నేను ఎఫ్-1 (స్టూడెంట్ వీసా). నాకసలు ఆ కటింగే లేదు :)

పేరోల్_పద్మ
ఐదేళ్లు దాటనీ తమ్ముడూ, నీకూ పడుతుంది.

కూకట్‌పల్లి_నుంచి
ఇక్కడ ఇండియాలో మే, జూన్, జులై జీతాలకి పీఎఫ్ 12 నుంచి 10 శాతానికి తగ్గించారు. తిరిగి కట్టే గొడవ లేదు.

వర్జీనియా_లక్ష్మి
మావారిది ఫెడరల్ ఉద్యోగం. వాళ్లకి వద్దనే వీలే లేదు, ఆపేశారంతే. ఆ డబ్బు ముట్టుకోకుండా పక్కన పెడుతున్నాం.

హ్యూస్టన్_రమణ
బాబాయ్‌గారూ, ఒక్కటి చెప్పండి. ఓనర్లు మనతో సమానంగా కట్టే తమ వాటా 6.2 శాతం మార్చి 27 నుంచి డిసెంబర్ దాకా ఆపుకోవడానికి కేర్స్ చట్టం (కోవిడ్ సాయం చట్టం) వీలిచ్చింది. సగం 2021 చివరికి, సగం 2022 చివరికి కడితే సరి. మీరు వాడుకున్నారా లేదా?

బంకు_బాబాయ్
వాడుకున్నాను. అయితే?

హ్యూస్టన్_రమణ
మీ వాటాకి రెండేళ్ల గడువు. మా వాటా దగ్గరికొచ్చేసరికి మేం పారిపోతామని అనుమానం.

బంకు_బాబాయ్
నా బాకీ నేను కడతాను. నీ బాకీకి నేనెందుకు పూచీ ఉండాలి? మూడేళ్ల కింద ఒక కుర్రాడు కారు రిపేరని ఏడిస్తే 800 అడ్వాన్స్ ఇచ్చాను. వారానికే మానేశాడు. ఇప్పటికీ ఫోన్ ఎత్తడు.

హ్యూస్టన్_రమణ
ముందు ఆ ఏకవచనం ఆపండి. ఆ 800 తిన్నది నేను కాదు. జులైలో నాకు గంటలు తగ్గించారు. అద్దెకి 40 డాలర్లు తక్కువై 75 లేట్ ఫీజు కట్టాను. ఆ 99 అప్పని తెలిసే అడుగుతున్నాను. అప్పు చేయాలో వద్దో తేల్చుకోవాల్సింది నేను, ఓనరు కాదు.

బంకు_బాబాయ్
తేల్చుకునేది మీరు, సంతకం నాదా? సరే, మానేస్తే ఆఖరి చెక్కులో మొత్తం పట్టుకుంటానని ముందే రాసిస్తారా?

హ్యూస్టన్_రమణ
రాసిస్తాను. ఆ కాగితం మా ముందు పెట్టినవాడేడీ?

వర్జీనియా_లక్ష్మి (2021 జనవరి)
పాత చర్చ పైకి తెస్తున్నాను. తిరిగి కట్టే గడువు ఏప్రిల్ నుంచి ఈ ఏడాది డిసెంబర్ 31కి జరిపారు. మావారికి ఈ చెక్కు నుంచే కోత మొదలైంది. పక్కన పెట్టిన డబ్బు అంటారా, నవంబర్‌లో వాషింగ్ మెషీన్ పాడైంది. కొత్తది కొన్నాం.