బయట తిండి మానకుండా బరువు తగ్గినవాళ్లు చెప్పండి: ఏం తింటున్నారు, ఎంత నడుస్తున్నారు?

మియాపూర్_రవి
అందరికీ నమస్కారం. వయసు 34, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 88 కిలోలు. ఐటీ ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. పొద్దున టిఫిన్ సెంటర్, మధ్యాహ్నం ఆఫీసు పక్కన మెస్, రాత్రి యాప్‌లో ఏదో ఒకటి. మొన్న హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. ఇంకా షుగర్ కాదు గానీ గుమ్మం దాకా వచ్చిందన్నారు డాక్టర్ గారు. ఆరు కిలోలు తగ్గినా చాలా తేడా ఉంటుందట.

హాస్టల్లో స్టవ్ పెట్టుకోనివ్వరు కాబట్టి ఇంట్లో వండుకోమనే సలహా నాకు కుదరదు. జిమ్‌కి టైమ్ లేదు. బయటే తింటూ తగ్గినవాళ్లు మీ అనుభవం రాయండి. ఏం అడగాలో, ఏం వదిలేయాలో వివరంగా చెబితే మేలు.

శైలజ_బెజవాడ
తగ్గొచ్చండి రవి గారూ. నేను మెడికల్ రెప్‌ని. గుంటూరు, ఏలూరు, ఒంగోలు తిరుగుతూ నెలలో సగం రోజులు హోటళ్లలోనే తింటాను. ఏడాదిలో తొమ్మిది కిలోల దాకా తగ్గాను, మళ్లీ పెరగలేదు.

నాకు మొదట పనికొచ్చింది టిఫిన్ మార్చడం. హోటల్ టిఫిన్లలో ఆవిరి మీద ఉడికేది ముఖ్యంగా ఇడ్లీ. పూరీ, వడ, మైసూర్ బజ్జీ, పునుగులు నూనెలో మునిగి తేలేవి. వీటిని వారానికి ఒక రోజుకి పరిమితం చేశాను. మిగతా రోజులు మూడు ఇడ్లీ, సాంబార్. లేకపోతే పెసరట్టు, అదీ ఉప్మా లేకుండా. పెసలలో ప్రొటీన్ ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. ఉప్మా పెసరట్టు అంటే రెండు టిఫిన్లు ఒకేసారి తిన్నట్టే.

దోశ తినాలనిపిస్తే పెనం దగ్గరే నిలబడతాను. ఒక్కసారి గమనించండి. మాస్టర్ పిండి పరిచాక చుట్టూ ఒక గరిటె నూనె పోస్తాడు, మధ్యలో ఇంకొంచెం. కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యో వెన్నో వేసి అట్లకాడతో రుద్దుతాడు. ముక్క తుంచి కాగితం మీద పెడితే కాగితం అవతలి వైపు కనిపిస్తుంది. "మాస్టర్, నూనె ఒక్క చెంచా చాలు, రెండో వైపు కాల్చండి" అని అడిగితే ఎవరూ కాదనలేదు నాతో. రద్దీ లేని టైమ్‌లో వెళ్లాలి, అంతే.

ఇంకో మాట. చట్నీ. పల్లీ చట్నీ మూడుసార్లు వేయించుకుంటే ఇడ్లీ తిన్న లాభం పోతుంది. గుప్పెడు పల్లీల్లోనే 170 కేలరీలు ఉంటాయి. ఒక్కసారి వేయించుకుని, ఆ పైన సాంబారే.

సీమ_సుబ్బారెడ్డి
మధ్యాహ్నం మీల్స్ సంగతి నేను చెప్తా. ఫుల్ మీల్స్ టికెట్ తీసుకోవద్దు అన్నా. ప్లేట్ మీల్స్ దొరికే చోట అదే తీసుకో. అన్నం అడిగిన కొద్దీ వేస్తుంటే ఎంత తిన్నామో లెక్క ఉండదు.

ఫుల్ మీల్స్ తప్పనప్పుడు నేను వరస మారుస్తా. వేపుడు పక్కన పెట్టి కూర, పప్పు ముందు తింటా, అన్నం కలపకుండా. సర్వర్‌ని పప్పు రెండోసారి అడుగుతా, అన్నం మాత్రం ఒకసారే. తర్వాత రసం గ్లాసులో పోయించుకుని తాగుతా. చివర్లో పెరుగన్నం బదులు మజ్జిగ. అప్పడం, స్వీట్ వద్దని కూర్చోగానే చెప్పేస్తా. ఆకులో పడ్డాక వదలడం కష్టం. పచ్చడీ, పొడీ, నెయ్యీ వచ్చినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో: గోంగూర, గన్‌పౌడర్ (కందిపొడి) ఉన్నాయంటే రెండు ముద్దలు ఎక్కువ అన్నం లోపలికి పోతుంది. మా కడపలో రాగి సంగటి, నాటుకోడి పులుసు పెట్టే హోటళ్లున్నాయి. అక్కడ ఒక ముద్ద సంగటితో సరిపెట్టుకుంటా, రెండోది తీసుకోను.

డైట్_కౌన్సెలర్
నేను డైటీషియన్‌ని. పైన ఇద్దరూ చెప్పినవి సరైన మాటలు. కొన్ని అంకెలు కలుపుతాను, దేన్ని ముందు తగ్గించాలో వాటితో తెలుస్తుంది.

గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికైనా ప్రొటీన్‌కైనా 4. అంటే ఒక టీ చెంచా నూనె 45 కేలరీలు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కేలరీల తిండిలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే చూపించింది. ఆరు చెంచాలు కూడా కాదు. బయటి వేపుడు ఒక గిన్నెడు, బట్టర్ నాన్ ఒకటి తింటే ఆ వాటా దాదాపు అయిపోతుంది. అదే మార్గదర్శకాల్లో కూరగాయలు రోజుకి 400 గ్రాములు. హోటల్ తిండిలో అందనిది ఇదే. దొండకాయ, బీరకాయ, ఆకుకూర పప్పు కనిపిస్తే వదలకండి. హాస్టల్ గదిలో కీరదోస, క్యారెట్, జామకాయ పెట్టుకోండి, వాటికి స్టవ్ అక్కర్లేదు.

రవి గారూ, మీ డాక్టర్ గారు చెప్పిన ఆరు కిలోల వెనక పెద్ద ఆధారం ఉంది. అమెరికాలో ప్రీడయాబెటిస్, అంటే మీలాగే షుగర్ గుమ్మం దాకా వచ్చినవాళ్ల మీద చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మీ 88 కిలోల్లో 7 శాతం అంటే ఆరు కిలోల పైచిలుకు.

బరువుతో పాటు నడుము కూడా కొలుచుకోండి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. నడుము తగ్గుతుంటే కాటా కదలకపోయినా మీరు సరైన దారిలోనే ఉన్నారు.

మియాపూర్_రవి
చాలా థ్యాంక్స్ అందరికీ. ఒకటే టెన్షన్. మా టీమ్‌లో వారానికోసారి బిర్యానీ తప్పదు. నేనొక్కడినే సలాడ్ తింటూ కూర్చోలేను.

పాతబస్తీ_ఇమ్రాన్
రవి భాయ్, బిర్యానీ మానకండి. సింగిల్ అని ఇచ్చేది మన హోటళ్లలో చాలా చోట్ల ఇద్దరికి సరిపోతుంది. అది ఒక్కరే తినడం దగ్గరే లెక్క తప్పుతుంది. మా ఫ్రెండ్స్‌లో ఇప్పుడు పద్ధతి ఇదీ: నలుగురికి రెండు సింగిల్స్, ఒక ప్లేట్ తందూరి చికెన్. ఎక్స్‌ట్రా రైస్ అడగం.

స్టార్టర్స్ దగ్గర ఇంకా జాగ్రత్త. చికెన్ 65, చికెన్ మెజెస్టిక్, అపోలో ఫిష్ అన్నీ వేయించినవే. బిర్యానీ వచ్చే లోపే అవి కడుపులో పడిపోతాయి. తందూరి, టంగ్డీ కబాబ్, గ్రిల్డ్ ఫిష్ అడగండి, మీద బట్టర్ రాయొద్దని చెప్పండి. ప్లేట్‌లో ముందు ముక్క, ఉల్లిపాయ, రైతా. అన్నం ఆ తర్వాత. మిర్చీ కా సాలన్‌లో పల్లీలు, నువ్వులు, నూనె మూడూ ఉంటాయి, రెండు చెంచాలు చాలు. కూల్ డ్రింక్ మాత్రం వద్దే వద్దు భాయ్. పావు లీటర్ కోలాలో పాతిక గ్రాములకు పైనే చక్కెర. నిమ్మకాయ సోడా, ఉప్పు వేసి.

రంజాన్‌లో హలీమ్ గురించి అడుగుతారు చాలామంది. మటన్, గోధుమ, పప్పులు ఉన్నాయి కాబట్టి కడుపు నిండుతుంది. అదే భోజనం అనుకుని తినాలి. హలీమ్ తిని మళ్లీ బిర్యానీకి కూర్చుంటేనే కష్టం. ఇరానీ చాయ్ రోజుకి నాలుగు తాగేవాళ్లు రెండుకి తగ్గించినా, ఉస్మానియా బిస్కెట్ మానేసినా నెలలో తేడా తెలుస్తుంది. మా అన్న అలాగే తగ్గాడు, ఇంకేమీ చేయలేదు.

శైలజ_బెజవాడ
ఇమ్రాన్ గారి మాటకి మా వైపు నుంచి ఒకటి. బెజవాడలో ఫ్రై పీస్ బిర్యానీ ఫేమస్. అందులో ముక్క విడిగా నూనెలో వేగుతుంది, ఆ మసాలా నూనె అన్నం మీద పడుతుంది. రెండూ దొరికే చోట నేను దమ్ బిర్యానీ తీసుకుంటాను.

కొర్రలు_అండుకొర్రలు
ఇంత తంటా ఎందుకండీ? బియ్యం మానేసి చిరుధాన్యాలకు మారితే చాలు. ఇప్పుడు మిల్లెట్ హోటళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్ల కోసం తెలంగాణ సోనా బియ్యం కూడా వచ్చింది కదా.

డైట్_కౌన్సెలర్
చిరుధాన్యాలు మంచివే, పీచు ఎక్కువ, నేనూ చెబుతాను. కానీ బరువు దగ్గరికి వచ్చేసరికి కొర్రల్లోనూ బియ్యంలోనూ కేలరీలు దగ్గర దగ్గరగానే ఉంటాయి. నెయ్యి ఓడే మిల్లెట్ పొంగల్ తింటే బరువు తగ్గదు. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, రాజేంద్రనగర్‌లో తయారైన రకం. రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుందని పేరు. అది షుగర్ అదుపుకి సంబంధించిన విషయం. అది కూడా రెండు కప్పులకు బదులు నాలుగు కప్పులు తింటే ఉపయోగం లేదు. ఏ ధాన్యమైనా ముందు గిన్నె చిన్నది కావాలి.

వైజాగ్_నడక
వ్యాయామం గురించి ఎవరూ వివరంగా రాయలేదని నేను రాస్తున్నాను. వయసు 58, రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉన్నాను. నడకతో మొదలుపెట్టి ఇప్పుడు మెట్లు ఎక్కినా ఆయాసం లేదు.

నడకతో బరువు బాగా తగ్గిపోతుందని ఆశపడొద్దు బాబూ. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 130 కేలరీలు. నడక అయ్యాక అక్కడే బండి దగ్గర రెండు వడలు తింటే అంతా తిరిగి వస్తుంది. బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు, వందలమంది నడుస్తారు. వాళ్లలో సగం మంది ఇంటికెళ్లే ముందు టిఫిన్ బండి దగ్గరే కనిపిస్తారు. తగ్గేది తిండితో. తగ్గింది మళ్లీ పెరగకుండా, కండ కరగకుండా, షుగర్ అదుపులో ఉండేలా చూసేది నడక.

ఎంత వేగం అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వారానికి ఐదు రోజులు అరగంట. ఒకేసారి కుదరకపోతే మూడు పూటలా భోజనం తర్వాత పది నిమిషాల చొప్పున. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి ఎగబాకదు, మీ రిపోర్టుకి అది ఇంకా మంచిది. పదివేల అడుగులు అవ్వలేదని బాధపడకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది, అంతే తప్ప వైద్యులు లెక్కకట్టి పెట్టింది కాదు. ఇప్పుడు నడిచేదానికి రెండు వేలు కలపండి చాలు.

వారానికి రెండు రోజులు కండకి పని చెప్పాలి. నేను చేసేది: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పది చొప్పున రెండు విడతలు. గోడకి చేతులు ఆనించి దండీలు. మడమలు లేపి దించడం. డంబెల్స్ లేవు, రెండు నీళ్ల బాటిళ్లు చాలు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కుర్చీ మీద దిండు వేసుకుని ఎత్తు పెంచుకోండి, నొప్పి తక్కువ ఉంటుంది.

డాలస్_పద్మ
ఇక్కడి నుంచి ఒక మాట. అమెరికాలో 20 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు వేయాలని 2018 మే నుంచి నియమం ఉంది. నేను అది చదవడం మొదలుపెట్టాక ఆర్డర్ మారిపోయింది. సలాడ్ అనుకున్నది మీద పోసే డ్రెస్సింగ్‌తో కలిపి బర్గర్ కన్నా ఎక్కువ ఉండడం చూశాను. ఇప్పుడు డ్రెస్సింగ్ విడిగా అడుగుతాను. మన తెలుగు హోటళ్లు చిన్నవి కాబట్టి వాటిలో అంకెలు ఉండవు. వీకెండ్ బఫేలో ముందు ఖాళీ ప్లేట్‌తో ఒక చుట్టు తిరిగి అన్నీ చూసి, ఆ తర్వాతే వడ్డించుకుంటాను. ఇండియాలో అలాంటి నియమం లేదా?

డైట్_కౌన్సెలర్
ఉంది పద్మ గారూ. పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్నవాళ్లూ, సెంట్రల్ లైసెన్స్ ఉన్నవాళ్లూ మెనూలో కేలరీలు చూపించాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నియమం. 2022 జులై నుంచి అమల్లో ఉంది. పిజ్జా, బర్గర్, కాఫీ చెయిన్లలో రేటు పక్కనే చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. కాఫీ చెయిన్లలో తప్పకుండా చూడండి, క్రీమ్ వేసిన కోల్డ్ కాఫీ ఒక్కటే చిన్న భోజనంతో సమానం.

ఇంకొకటి, ఇది చదివే షుగర్ పేషెంట్లకు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించి నడక మొదలుపెడితే షుగర్ పడిపోవచ్చు. డాక్టర్‌కి చెప్పి డోసు చూపించుకున్నాకే మొదలుపెట్టండి. రవి గారికి మందులు లేవు కాబట్టి ఆ భయం లేదు.

ఎల్బీనగర్_లక్ష్మి
కర్రీ పాయింట్ల మీద ఆధారపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం. పార్శిల్ కవర్‌లోంచి కూర గిన్నెలోకి వంచి, కదపకుండా ఓ పది నిమిషాలు ఉంచండి. నూనె పైకి తేలి ఎర్రగా తెట్టు కడుతుంది. గిన్నె కొంచెం వంచి చెంచాతో తీసేయండి. టొమాటో, సొరకాయ, కోడిగుడ్డు పులుసుల్లో సులువుగా వస్తుంది. రెండు మూడు చెంచాలైనా తీయని రోజు ఉండదు మా ఇంట్లో. వేపుళ్లలో ఇది కుదరదు, అందుకే వేపుళ్లు కొనం. పప్పు, పులుసు, ఆకుకూర కొంటాం.

మియాపూర్_రవి
అందరికీ రుణపడి ఉంటాను. ఇంకొక్కటి. రాత్రి పదకొండు దాకా కాల్స్. అయ్యేసరికి ఆకలితో ఫ్రైడ్ రైస్ ఆర్డర్ పెట్టేస్తాను. ఆ టైమ్‌లో ఏం తినాలి?

శైలజ_బెజవాడ
ఆ టైమ్ దాకా ఆగకండి రవి గారూ. ఏడున్నరకి, కాల్స్ మొదలయ్యేలోపే భోజనం ముగించండి. రెండు పుల్కాలు, పప్పు, ఒక ఆమ్లెట్. పుల్కా మీద నెయ్యి వద్దని ఆర్డర్ నోట్‌లో రాయండి, చాలామంది పాటిస్తారు. జొన్న రొట్టె దొరికితే ఇంకా బాగుంటుంది. పదకొండుకి ఆకలేస్తే గదిలో పుట్నాలు, ఒక జామకాయ, చిన్న పెరుగు కప్పు ఉంచుకోండి. కాల్ మ్యూట్‌లో ఉన్నప్పుడు గదిలోనే నడవండి, అదీ లెక్కే. బరువు వారానికోసారి, ఒకే రోజు పొద్దున్నే చూసుకోండి. హెచ్‌బీఏ1సీ మాత్రం మూడు నెలల తర్వాత చేయించండి, అంతకుముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనపడదు. రిపోర్ట్ వచ్చాక ఇక్కడ రాయండి.