టామ్‌బాయ్ స్టైల్ కావాలంటే మగవాళ్ల సెక్షన్‌లోనే కొనాలా?

సుబేదారి_సైకిల్:
జుట్టు పొట్టిగ కొట్టించి జీన్స్ మీద షర్టు వేస్తే మన దిక్కు వెంటనే మగరాయుడని పేరు పెడ్తరు. కొందరేమో బట్టలు కాదు, నడవడికే టామ్‌బాయ్ అంటరు. ఏది అసలుది? మగవాళ్ల బట్టలు కొంటేనే ఆ లుక్ వస్తదా?

ఓరుగల్లు_కత్తెర:
చెల్లె, మగవాళ్ల కోతే ఆ లుక్కుకు ప్రాణం. కానీ అది ఆడపిల్ల ఒంటికి నేరుగ కుదరదు. షర్టు భుజం వెడల్పు, తుంటి ఇరుకు. భుజానికి సరిపోయింది కొంటే కింది గుండీలు పట్టవు, తుంటికి సరిపోయింది కొంటే భుజం కుట్టు చేతి మీదికి జారుతది. భుజమే చూసి కొనాలె. భుజం తగ్గించాలంటే చేతులు ఊడదీసి మళ్ల కుట్టాలె. తుంటి దగ్గరైతే పక్క కుట్టు 3 అంగుళాలు విప్పి చీలిక పెడ్తే అయిపోతది. ఛాతీ కొలత మీద 4 అంగుళాలు వదులు ఉంచుండ్రి. అయినా గుండీల మధ్య సందు పడితే లోపల టిచ్ బటన్ కుట్టించుండ్రి. నడుం దగ్గర డాట్లు (నడుం సన్నగ పట్టేటట్టు మడిచి వేసే కుట్లు) మాత్రం వద్దు, పెట్టిస్తే అది లేడీస్ షర్టే.

ప్యాంటు తుంటికి పట్టితే నడుం వదులైతది. వెనక నడిమి కుట్టులనే తగ్గించాలె. 2 అంగుళాలు దాటితే వెనక జేబులు ఒకదానికొకటి ఆనినట్టు కనపడ్తయి. అంత తేడా ఉంటే బట్ట కొని కుట్టించుకునుడే నయం.

ములుగురోడ్డు_మాట:
అన్నా, కొలతలకు దండం. కానీ మగవాళ్ల సెక్షన్ తప్పనిసరి అంటే నేనొప్పుకోను. చెయ్యి పట్టేంత జేబు, చేతులు ఆడే భుజం, పరుగెత్తనిచ్చే చెప్పు ఉంటే చుడీదార్ల కూడా టామ్‌బాయ్ ఉంటది. మన రుద్రమ్మను మించిన టామ్‌బాయ్ ఎవరు?

కోట_తోరణం:
అక్కా, రుద్రమదేవిని ఇందులకు తేవొద్దు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అన్నయి. అది 13వ శతాబ్దంల రాజ్యాధికారం సంగతి, ముస్తాబుది కాదు. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022ల, 2023ల బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమెను మగరాయుడంటే గుద్దు మగవాళ్ల సొత్తని మనమే రాసిచ్చినట్టు. ఇంకోటి, "నేను మిగతా ఆడపిల్లల లెక్క కాదు" అనుడు నాకు అస్సలు నచ్చదు. గాజులేసుకున్నామెను తక్కువ చేస్తే అది ధైర్యమెట్లయితది? బూతులు మాట్లాడుడు కూడ ధైర్యం కాదు.

కాజీపేట_ట్రిమ్మర్:
జుట్టు గురించి ఒక్క ముచ్చట. పక్కలకు మొదటిసారే ట్రిమ్మర్‌కు 2 నంబరు దువ్వెన పెట్టించొద్దు, 6 మిల్లీమీటర్లే మిగుల్తది. 4తోని మొదలువెట్టుండ్రి, అది 13 దాకా ఉంటది. ఉంగరాల జుట్టు తడిమీద కత్తిరిస్తే ఆరినంక ఇంకా పైకి ముడుసుకుంటది, పైన అర అంగుళం ఎక్కువ ఉంచమనాలె. నెలకోసారి సరిచేయించకుంటే చెవుల మీద ఆకారం చెడ్తది.

సుబేదారి_సైకిల్:
నడవడి మీద కోట_తోరణం మాటే నాది కూడ. అన్నా, కుట్టించుకుంట. మే నెల ఎండకు ఏ బట్ట?

ఓరుగల్లు_కత్తెర:
40 డిగ్రీలు దాటినప్పుడు డెనిమ్ జాకెట్ జోలికి పోవద్దు. లినెన్ లేకుంటే ఖాదీ. రెండూ మొదటి ఉతుకుల కుదుసుకపోతయి, కోయకముందే రాత్రంత నీళ్లల్ల నానబెట్టి ఆరేసి ఇయ్యుండ్రి.