భూమి విస్తీర్ణం స్క్రీన్ దగ్గరనే రైతులు ఆగిపోతుండ్రు, ఏం మార్చాలె?

డిజైన్_నల్లగొండ:
మిర్యాలగూడ, హాలియా దిక్కు రైతులు వడ్లు అమ్ముకోనీకి స్లాట్ బుక్ చేసుకునే యాప్ ఇది. ఫోన్ నంబర్, ఓటీపీ, విస్తీర్ణం, బస్తాలు, తేదీ, ఇంతే. విస్తీర్ణానికి 'ఎకరాలు' అని ఒకటే డబ్బా, చుక్క ఉన్న నంబర్ కీప్యాడ్. మస్తుమంది అక్కడినుంచే వెనక్కి మళ్లుతుండ్రు. నింపినోళ్ల లెక్కలు పాస్‌బుక్‌తోని కలుస్తలేవు. కొన్ని ఫోన్లల్ల బటన్ మీద ఒత్తులు సగం కోసుకపోతున్నయి. మళ్ల టెస్ట్ చేయాలంటే ఎంతమందితోని, ఎక్కడ చేస్తే నయం?

గుంటల_లెక్క:
తప్పంతా ఆ చుక్కలనే ఉంది. 2.20 అంటే రైతుకు 2 ఎకరాల 20 గుంటలు. అట్లనే కొడతడు. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని దశాంశం అనుకుంటది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 2 ఎకరాల 8 గుంటలే అవుతది. 12 గుంటలు మాయం.

ఎకరాలకో డబ్బా, గుంటలకో డబ్బా పెట్టండి. చుక్క లేని కీప్యాడ్ ఇవ్వండి. గుంటల్లో 45 కొడితే ఎర్ర అక్షరాలతో కసురుకోవద్దు. '1 ఎకరం 5 గుంటలు, సరేనా?' అని కిందనే అడగండి. డేటాబేస్‌లో అంతా గుంటల్లోనే, పూర్ణాంకంగా దాచండి: 2 ఎకరాల 20 గుంటలంటే 100. సర్వే నంబర్లు రెండు మూడుంటే కూడే పని యాప్‌దే. 1.25, 0.30 కలిస్తే 2.15 కావాలె, క్యాలిక్యులేటర్ 1.55 అంటది.

పాత డేటాను స్క్రిప్టుతో మార్చేద్దామని చూడకండి. 2.75 ఉంటే దశాంశమే, గుంటలు 39 దాటవు కదా. కానీ 2.20ని నంబర్‌గా దాస్తే చివరి సున్న పోయి 2.2 అవుతది. అది 20 గుంటలా, 2 గుంటలా, 8 గుంటలా? చెప్పే దారి లేదు, వాళ్లనే మళ్ల అడగాలె.

ఒత్తు_దీర్ఘం:
బటన్‌కు ఎత్తు ఫిక్స్ చేసి ఉంటరు. కనీస ఎత్తు 48 డీపీ (ఆండ్రాయిడ్‌ల స్క్రీన్ కొలత) అని మాత్రమే పెట్టి, అక్షరాలను బట్టి పెరగనివ్వండి. లైన్ ఎత్తు అక్షరం సైజుకు 1.5 రెట్లకు తగ్గొద్దు, అక్షరాల మధ్య ఖాళీ సున్న. 'రాష్ట్రం', 'లక్ష్మీ' లాంటి మాటలు పెట్టి చూడండి, ఫోన్‌లో ఫాంట్ సైజు పూర్తిగా పెంచి కూడా. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను యాప్‌లోనే ఇస్తే ఫోన్‌కో తీరు ఉండదు. అక్షరం రంగుకు, వెనక రంగుకు మధ్య తేడా (కాంట్రాస్ట్) 4.5:1 ఉంటే అందరూ చదవగలిగేలా పెట్టిన WCAG రూల్‌కు సరిపోతది గానీ ఎండల కల్లం కాడ నిలబడి చూసేటోళ్లకు 7:1 కావాలె. లేత బూడిద రంగు అక్షరాలు తీసేయండి.

యార్డు_కాడ:
15 మందిని ఒకేసారి కూర్చోబెట్టకండి. 5 మందితో చూసి, మార్చి, మళ్ల 5 మందితో. కొనుగోలు కేంద్రంలో తూకం అయిపోయినంక అడగండి, ముందు అడిగితే ధ్యాసంతా కుప్ప మీదనే ఉంటది. వాళ్ల ఫోన్, వాళ్ల బ్రైట్‌నెస్. నకిలీ పాస్‌బుక్ పేజీ చేతికిచ్చి "పెద్దనాయినా, ఈ భూమి వడ్లకు స్లాట్ తీసుకోండి" అని ఊకోవాలె. వేలు చూపించిన్రంటే ఆ టెస్ట్ పోయినట్టే.

వెనక్కి మళ్లేటోళ్లల్ల కౌలు రైతులెంతమందో చూసిన్రా? పాస్‌బుక్ వాళ్ల పేరున ఉండదు. 'సొంతం', 'కౌలు' అన్న ఎంపిక విస్తీర్ణం కన్న ముందు రావాలె. ఇంకోటి, ఫారం కొడుకు నింపుతడు, ఓటీపీ తండ్రి ఫోన్‌కు పోతది. కాబట్టి గడువు 10 నిమిషాలు ఇవ్వండి. తెలుగు ఎస్సెమ్మెస్ ఒకదాంట్ల 70 అక్షరాలే పడతయి, అంకెలు మొదట్లనే పెట్టండి.

డిజైన్_నల్లగొండ:
కౌలు సంగతి అసలు చూడనే లేదు. బస్తాల డబ్బాకు కూడా గిదే గోసనా?

గుంటల_లెక్క:
గదే. కేంద్రంలో బస్తా అంటే 40 కిలోలు, బయట 75 కిలోల లెక్క కూడా నడుస్తది. 100 బస్తాలు 40 క్వింటాళ్లా, 75 క్వింటాళ్లా? '40 కిలోల బస్తాలు' అని రాసి, పక్కనే క్వింటాళ్లు చూపండి. హార్వెస్టర్‌తో కోసినోళ్లు ట్రాక్టర్ ట్రిప్పుల్లో చెప్తరు, వాళ్లకు అది అందాజే. తూకం దాకా మార్చుకునే వీలుంచండి.