పలికించెడివాడు ఉంటే ప్లాన్ అక్కర్లేదా?

నవల రాస్తాండా, ముందుగా ప్లాన్ ఏమీ గీసుకోకుండా. ఈ మాట అంటే చాలు, ఎవరో ఒకరు "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట" అని అందుకుంటారు. మన కడపలో ఐతే ఒంటిమిట్ట పక్కనే గదా, ఇంకా గట్టిగా అందుకుంటారు. పోతనకి మాత్రం ప్లాన్ ఉండిందా, పలికించేవాడు పలికించినాడు, నువ్వూ అట్లే రాసెయ్ అని. ఈ వాడకంతోనే నాకు పేచీ.

ఆ కందం నాలుగో పాదం దాకా ఎవరూ పోరు. "పలికెద వేరొండు గాథ పలుకగ నేలా" అంటాడు. అంటే ఏ కథ చెప్పాలో తేల్చుకున్నాకే గంటం పట్టినాడు. పన్నెండు స్కంధాలు, వాటి వరస, ఎవరు పుడతారు ఎవరు పోతారు, అంతా సంస్కృతంలో ముందే ఉండాది. రాముడి మీద వదిలింది మాటని, కథని కాదు. నాది తలకిందులు యవ్వారం, మాట నాదే, కథే యాడికి పోతాదో తెలీదు. మూడో చాప్టర్లో ఎవరో ఒకరు తలుపు కొట్టాల్సొచ్చి కువైట్ నుంచి ఒక చిన్నాయన్ని దింపినా, ఆయన మళ్లీ ఫ్లైట్ ఎక్కడంలా, ఇప్పుడు ఆస్తి భాగాల గొడవంతా ఆయన చుట్టూనే తిరుగుతాంది, ఇంక వెనక్కి పోయి మొదటి చాప్టర్లో ఆయన పంపిన డబ్బులు, రగ్గులు, సెంటు బాటిళ్లు అన్నీ ఇరికించుకుంటా రావాల. దీనికి రామభద్రుణ్ణి సాక్ష్యం పిలిస్తే ఎట్లా?

— అన్నా, మరి గజేంద్ర మోక్షంలో "అల వైకుంఠపురంబులో" పద్యం దగ్గర పోతన ఆగిపోయినాడంటారే? "దాపల" దాకా రాసి లేచిపోతే రాముడే పోతన వేషంలో వచ్చి పూర్తి చేసినాడని? కథ ముందే తెలిసినోడు ఎందుకు ఆగినాడు?

— మంచి చోట పట్టినావు తమ్ముడూ. అది జనం చెప్పుకునే కథే, కానీ యాడ ఆపినారో చూడు. మూలంలో ఏనుగు మొర పెట్టుకుంటాది, హరి గరుడుని మీద వచ్చేస్తాడు, అంతే. వైకుంఠంలో ఆ మేడ, ఆ కొలను గట్టు, ఆ చంద్రకాంత శిల పాన్పు వ్యాసుడు చెప్పలా. "సిరికిం జెప్పడు" కూడా పోతన సొంతమే. అంటే మూలం చేయి వదిలేసిన చోటే ఆయన ఆగినట్టు అల్లినారు! ఇంకోటి, మత్తేభం మొదటి పాదం "దా" తో అయిపోతాది, "పల" కింది పాదంలో పడతాది, మాట కూడా ఆడే విరిగింది. ఎవరు అల్లినారో గానీ రాసే బాధ తెలిసినోళ్లే. ప్లాన్ లేకుండా రాసేటోళ్లకి పద్యం కంటే ఈ కథే దగ్గర.

— ఐతే పోతనది ఒంటిమిట్టా, బమ్మెరా? అది కూడా తేల్చండి సార్.

— దానికి వేరే పోస్ట్ పెట్టుకో సామీ, నాకు చిన్నాయన్ని ఏం చేయాల్నో అదే తేలడంలా.