రీమ్యాప్ చేసిన టర్బో కారుకు స్పార్క్ ప్లగ్ గ్యాప్ ఎంత పెట్టాలి?

నమస్తే అన్నలూ, మాది హన్మకొండ. నా టర్బో పెట్రోల్ కారుకు మొన్న రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించాను. అప్పటి నుంచి మడికొండ దాటాక మూడో గేరులో గట్టిగా తొక్కితే 4,000 ఆర్‌పీఎం దగ్గర బండి దగ్గినట్టు జర్క్ ఇస్తోంది. మెల్లగా పోతే ఏమీ లేదు. ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే కాయిల్స్ ఒకదాని చోట ఒకటి మార్చి చూశాను, తేడా లేదు. ప్లగ్‌లు విప్పితే పింగాణీ తెల్లగా ఉంది, నిప్పురవ్వ దూకే గ్యాప్ 0.8 మి.మీ. వచ్చింది.

బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగితే గ్యాప్ తగ్గించాలని తెలుసు. 0.7 సరిపోతుందా, 0.6కి దిగాలా? ఇప్పుడున్నవి ఎన్‌జీకే కంపెనీ 7 నంబర్ (హీట్ రేంజ్) ఇరిడియం ప్లగ్‌లు. ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) 8 వేస్తే, రోజూ కాజీపేట దాకా మాత్రమే తిరిగే బండికి మసి పట్టదా? ఇరిడియం మొన చాలా సన్నం, గ్యాప్ సరిచేస్తుంటే విరుగుతుందేమోనని భయం. ఇలాంటి సెటప్ నడిపినవాళ్లు చెప్పండి. ఎండాకాలం వస్తోంది, పిస్టన్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.