‘రికన్సిలియేషన్’కి తెలుగులో ఏమనాలి?

పోస్టు:
అందరికీ నమస్కారం. ఒక్క మాట కోసం మీ సాయం కావాలి. నేను మెల్‌బోర్న్‌లో ఒక చైల్డ్‌కేర్ సెంటర్లో మూడు, నాలుగేళ్ల పిల్లల గదిలో పనిచేస్తాను. ఏటా మే 27 నుంచి జూన్ 3 దాకా ఆస్ట్రేలియాలో నేషనల్ రికన్సిలియేషన్ వీక్. మూలవాసులకూ, తర్వాత వచ్చి స్థిరపడ్డవాళ్లకూ మధ్య బంధం బాగుపడాలని జరిపే వారం. మా దగ్గర తెలుగు పిల్లలను తీసుకెళ్లడానికి ఎక్కువగా అమ్మమ్మలు, నానమ్మలే వస్తారు. వాళ్ల కోసం తెలుగులో కూడా నోటీసు రాయమంటే ‘రాజీ వారం’ అని రాసి తలుపుకి అంటించాను. ఒక నానమ్మగారు మనవడికి చెప్పులు తొడుగుతూ చదివి, “ఎవరికెవరికి గొడవైందమ్మా?” అని అడిగారు.

నాకు నోట మాట రాలేదు. జరిగింది గొడవైతే కదా! సుమారు 1910 నుంచి 1970 దాకా ప్రభుత్వాలు, చర్చి మిషన్లు మూలవాసుల పిల్లలను తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లిపోయాయి. పదిమంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా అలా తల్లులకు దూరమయ్యారని 1997లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. చాలాచోట్ల ఆ పిల్లలను సొంత భాష మాట్లాడనివ్వలేదు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. దీన్ని రాజీ అంటే ఇద్దరిదీ తప్పున్నట్టే కదా? ఏ మాట వాడాలో చెప్పండి.

కామెంట్:
‘సయోధ్య’ చాలండీ. పేపర్లలో రోజూ చూసే మాటే.

కామెంట్:
చిన్నపిల్లల బడి కాబట్టి వాళ్ల మాటే వాడొచ్చుగా అక్కా? మా ఊళ్లో అలిగితే ‘పచ్చి’, కలిస్తే ‘జట్టు’. హైదరాబాద్‌లో అయితే ‘కటీఫ్’, ‘దోస్తీ’.

కామెంట్:
‘సంధి’ అనమ్మా. చక్కటి మాట, అందరికీ తెలిసిందే.

పోస్టు పెట్టినవారు:
మాస్టారూ, మీరు ‘సంధి’ అన్నది చదివి బాలవ్యాకరణం తీశాను. పూర్వపర స్వరాలకు పరస్వరం ఏకాదేశం కావడమే సంధి అంటాడు చిన్నయసూరి. అంటే ముందున్న అచ్చు పోతుంది, తర్వాత వచ్చింది ఒక్కటే నిలుస్తుంది. రాముడు + అతడు కలిస్తే ‘రాముడతడు’. ‘డు’లోని ఉకారం ఇక వినపడదు. ఇక్కడ మూలవాసులకు జరిగింది అచ్చంగా ఇదే. ముందున్నవాళ్ల మాట, పాట, పేరు చెరిపేసి, తర్వాత వచ్చినవాళ్లలో కలిపేయాలని చూశారు. ‘పర’ అంటే పరాయి అని కూడా కదా, అది చదివి చాలాసేపు పుస్తకం ముందే కూర్చుండిపోయాను. అందుకే సంధి వద్దండీ. సయోధ్య అన్నదమ్ముల మధ్య, పార్టీల మధ్య అయితే బాగుంటుంది. ‘జట్టు’ నాకు చాలా ఇష్టమైన మాటే కానీ, ఇద్దరూ సమానంగా అలిగినప్పుడే అది కుదురుతుంది.

మాస్టారు:
నిజమేనమ్మా. ‘సంధి’ని వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్ల భాషలో ఏమంటారు?

పోస్టు పెట్టినవారు:
ఇక్కడ బళ్లకు, శిశుకేంద్రాలకు ఈ పని నేర్పే కార్యక్రమం పేరు ‘నర్రగున్నవాలి’. కాన్‌బెర్రా ప్రాంతపు నున్నవాల్ వాళ్ల మాట. బతికి ఉండటం, క్షేమం, ఒకచోట కలవడం, శాంతి, ఇన్ని అర్థాలు అందులో ఉన్నాయి. మా సెంటర్ ఉన్నది వురుండ్జెరి వాళ్ల నేల మీద. వాళ్ల వొయ్‌వురుంగ్ భాషలో పలకరింపు ‘వొమిన్‌జెకా’. పొద్దున్నే పిల్లలు గుండ్రంగా కూర్చుని, అరచేతులు నేలకానించి ఆ మాట అంటారు. ఒక తెలుగు పాప చెయ్యి తీసి కళ్లకద్దుకుంటుంది. ఆ పాపకు అది ఎవరూ చెప్పలేదు.

కామెంట్:
మా తెలుగు బైబిల్లో దీనికి ‘సమాధానపరచు’ అని ఉంటుందండీ. ‘సమాధానపరచు పరిచర్య’ అని కొరింథీయుల రెండో పత్రికలో.

కామెంట్:
కానీ సమాధానం అంటే ఇప్పుడు ఎవరికైనా ముందు ‘జవాబు’ అనే తోస్తుంది. గందరగోళమేమో.

పోస్టు పెట్టినవారు:
ఆ రెండు అర్థాలూ ఉండటమే నాకు కావాలి! మనశ్శాంతీ సమాధానమే, అడిగినదానికి చెప్పాల్సిందీ సమాధానమే. ‘నా బిడ్డను ఎందుకు తీసుకుపోయారు?’ అన్న తల్లికి ముందు రెండోది దక్కాలి, ఆ తర్వాతే మొదటిది. ఒక్క మాటలో రెండూ ఇమిడిన భాష మనది.

మాస్టారు:
బాగుందమ్మా. అయితే క్రియ దగ్గర జాగ్రత్త. ‘సమాధానపడే వారం’ అన్నావంటే, పోనీలే అని సర్దుకోవాల్సింది ఆ తల్లే అవుతుంది.

పోస్టు పెట్టినవారు:
అది నాకు తట్టలేదు మాస్టారూ. అలాగైతే ‘సమాధానం చెప్పుకునే’ అంటాను. నోటీసు ఇలా మార్చాను:

“ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నవాళ్లకు, తర్వాత వచ్చిన మనమంతా సమాధానం చెప్పుకునే వారం. మే 27 – జూన్ 3. నానమ్మలు, తాతయ్యలు, అమ్మమ్మలు కూడా పొద్దున తొమ్మిదిన్నరకు పిల్లలతో కలిసి కూర్చోవచ్చు.”

రేపు పొద్దున్నే అంటిస్తాను. అచ్చుతప్పులుంటే ఈలోపు చెప్పండి.