పొద్దుగూకాక ముళ్ల పొదల్లో వినిపించే కూత: ఇది కలివికోడేనా?

ప్రశ్న

మాది కడప జిల్లా బద్వేలు పరిసరాల్లోని ఒక పల్లె. మా వేరుశనగ చేను దాటితే గుట్ట వరకు ముళ్ల పొదలు, వాటి మధ్య గులకరాళ్ల బయలు నేల ఉంటాయి. పది రోజులుగా పొద్దుగూకిన ఇరవై నిమిషాలకు ఆ వైపు నుంచి ఒక కూత మొదలవుతోంది. "చక్... చక్... చక్" అని విడివిడిగా ఆరంభమై, రానురాను దగ్గరపడి, చివరకు "చకర్ర్ర్" అంటూ కలిసిపోతుంది. కడప బండలు పరిచిన ఇంట్లో గోళీని జారవిడిస్తే అది ఎగిరెగిరి వేగం పెంచుకుంటూ ఆగిపోయే చప్పుడు ఎలా ఉంటుందో, ఇదీ అచ్చం అలాగే ఉంటుంది. వెన్నెల ఉన్న రాత్రి బాగా పొద్దుపోయాక కూడా విన్నాను. పక్షిని మాత్రం ఒక్కసారీ చూడలేకపోయాను.

మా నాన్నగారు తీతువు అంటున్నారు. కానీ తీతువు అరుపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఇది అది కాదు. మా జిల్లాలోనే, ఇలాంటి పొదల్లోనే కలివికోడి అనే చాలా అరుదైన పక్షి తిరుగుతుందని చదివాను కనుక అడుగుతున్నాను. ఇది అదే అయ్యే అవకాశం ఉందా?

మొదటి జవాబు

మీరు చెప్పిన గోళీ పోలికతోనే సగం పని అయిపోయిందండీ. అది నైట్‌జార్ అనే రాత్రి పక్షి. మా ప్రకాశం వైపు పెద్దలు దాన్ని కప్పపిట్ట అంటారు. నోరు తెరిస్తే కప్ప నోరంత వెడల్పు ఉంటుంది, ఆ నోటితోనే ఎగురుతూ పురుగులను పట్టుకుంటుంది. పగలంతా ఎండుటాకుల మధ్య నేలకు అతుక్కుని కూర్చుంటుంది. ఒంటి మీది బూడిద, గోధుమ రంగు మచ్చల వల్ల రెండడుగుల దూరంలో ఉన్నా మన కంటికి ఆనదు.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. చీకటి పడ్డాక మట్టి బాట మీద టార్చి వేసుకుంటూ నెమ్మదిగా నడవండి. నైట్‌జార్‌కు బాట మీద కూర్చునే అలవాటుంది. వెలుగు పడగానే కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయి, దగ్గరికి వెళ్తే చప్పుడు లేకుండా లేచి కొద్ది దూరంలో మళ్లీ వాలుతుంది.

రెండవ జవాబు

పై జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే మీది కలివికోడి తిరిగే ప్రాంతం కనుక, ఆ పక్షిని ఎందుకు కాదనుకోవాలో వివరంగా చెప్పడం అవసరం.

కలివి పొదల్లో తిరుగుతుంది కనుక దానికి ఆ పేరు వచ్చిందంటారు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మీ జిల్లాలోనే మళ్లీ దొరికింది. ఆ తరువాత ఏర్పడినదే లంకమల్లేశ్వర అభయారణ్యం. దాని ఆవాసం దెబ్బతినకూడదని తెలుగుగంగ కాలువ దారిని సైతం మార్చారు. ఒక పిట్ట కోసం కాలువను మళ్లించిన జిల్లా మీదని నేను ఎప్పుడూ గౌరవంగా తలుచుకుంటాను.

ఇక కూత విషయానికి వస్తే, కలివికోడిది రెండక్షరాల పిలుపు. "ట్విక్-టూ, ట్విక్-టూ" అని ఒకే లయలో సాగుతుందే తప్ప, మీరు చెప్పినట్లు వేగం పుంజుకుని గిరగిరమని ముగియదు. వేళ కూడా వేరు. సాధారణంగా సూర్యాస్తమయమైన ముప్పావు గంట తరువాత, బాగా చీకటి పడ్డాక, కొద్ది నిమిషాలు మాత్రమే పలికి ఆగిపోతుంది. మీరు విన్నది ఇరవై నిమిషాలకే మొదలై రాత్రి పొద్దుపోయే దాకా ఉంటోంది. లయ, వేళ రెండూ కుదరనప్పుడు, నేల ఎంత అనువైనదైనా ఆ పేరు పెట్టలేము.

ఒక విన్నపం. ఎప్పుడైనా రెండక్షరాల పిలుపు నిజంగానే వినిపిస్తే ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, వేళ రాసిపెట్టుకుని అటవీ శాఖ వారికి తెలపండి. చోటును నలుగురిలో ప్రకటించకండి. రికార్డు చేసిన కూతను పదేపదే వినిపించి పక్షిని రప్పించే ప్రయత్నమూ చేయకండి. అంత అరుదైన పక్షిని దాని పని మాని మన చుట్టూ తిరిగేలా చేయడం తప్పు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నాన్నగారితో కలిసి బాట మీద నడిచాను. చేను గట్టుకు యాభై అడుగుల దూరంలో రెండు ఎర్రటి చుక్కలు మెరిశాయి. మేము కదలకుండా నిలబడ్డాం. అది కూడా కూర్చున్న చోటనే "చక్... చక్..." అని మొదలుపెట్టింది, కనుక ఇక అనుమానం లేదు. కలివికోడి కాలేదని కొంత నిరాశ కలిగిన మాట నిజమే, కానీ ఇన్నేళ్లుగా మా చేను పక్కనే ఉన్న పిట్టను మొదటిసారి చూశాను. నాన్నగారు కూడా ఇది తీతువు కాదని ఒప్పుకున్నారు.

ఆ బయలు నేలను వచ్చే నెల దున్నాలనుకుంటున్నాం. దీని గూడు అక్కడ ఉండే అవకాశం ఉందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఉంటుందండీ, కానీ గూడంటూ కట్టదు. మామూలుగా రెండు గుడ్లను వట్టి నేల మీదనే పెడుతుంది. నాగలి పెట్టే ముందు ఉదయం పూట ఆ నేలంతా నెమ్మదిగా నడిచి చూడండి. కాళ్ల దగ్గర నుంచి పక్షి ఉన్నట్టుండి లేచిందంటే అక్కడే ఆగి నేలను పరీక్షగా చూడండి. గుడ్లు కనిపిస్తే చుట్టూ నాలుగు గజాలు వదిలి మిగిలింది దున్నుకోవచ్చు, కానీ పిల్లలు ఎగిరే దాకా ఆగగలిగితే అన్నిటికన్నా మేలు.